ఎడమచేతి ముడి

కోడుమూరు,
20 ఫిబ్రవరి 2025

ప్రొఫెసర్ తనూజ గారికి, నమస్కారం.

మీ దూరవిద్య విద్యార్థిని రాజేశ్వరి నా భార్య. ఈ నెల నాలుగున చనిపోయింది. ఆ రోజు ఏం జరిగిందో రాస్తున్నాను.

ఉదయం ఐదింటికి లేచింది. ఎనిమిదింటికి మీ నేరశాస్త్రం, నేర మనస్తత్వశాస్త్రం కోర్సు ప్రాజెక్టు రిపోర్టులో చివరి పేజీ రాసింది. దాన్ని తెల్ల గుడ్డలో చుట్టి నాలుగు వైపులా కుట్టింది. "ఏమయ్యా, రేప్పొద్దున పోస్టులో వేసిరా. కుట్టు మాత్రం విప్పాకు" అంది. మధ్యాహ్నం జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాం. రెండింటికి పడుకుంది. నాలుగింటికి నేను వంటింట్లో చిన్న పని మీద ఉన్నాను. నాలుగూ పదికి టీ పెట్టి లేపాను. లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

పార్సెల్ పంపుతున్నాను. కుట్టు విప్పలేదు.

ఆమె ముప్పై ఏళ్ళు మగ్గం నేసింది. యాభై రెండో ఏట డిగ్రీ పాసయింది. ఈ వయసులో నేరాల చదువెందుకని అడిగాను. "చీరలో తప్పు పడితే అది యాడ మొదలయిందో వెనక్కి పోయి వెతుకుతాను గదా. ఇదీ అంతే" అంది. మిగతా పేపర్లన్నీ పాసయింది. ఆమెకు ఈ రెండో డిగ్రీ వస్తుందా? అదొక్కటే అడుగుతున్నాను.

ఇట్లు,
ఉమామహేశ్వర,
రిటైర్డ్ సైన్సు టీచరు

తా.క.: ఆమె ఫోను ఎలా తెరవాలో నాకు తెలియదు. జవాబు ఉత్తరంలోనే రాయండి.


కడప,
27 ఫిబ్రవరి

గౌరవనీయులైన ఉమామహేశ్వర గారికి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఆన్‌లైన్ క్లాసులో అందరికంటే ముందు వచ్చి, అందరికంటే తక్కువ మాట్లాడి, ఆఖర్న నేను జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి వేసి వెళ్ళేవారు ఆవిడ.

రిపోర్టు అద్భుతంగా ఉంది. ఒకే దొంగను ఐదేళ్ళు పరిశీలించారు. అతన్ని 'అ' అన్నారు. పేర్లు దాచమని నేనే నేర్పాను. అతను దొంగిలించే వస్తువు పేరు కూడా దాచి ఆవిడ దాన్ని 'క' అన్నారు.

చిక్కు ఒకటుంది. పరిశీలనకు గురైన మనిషి సమ్మతి పత్రం ఖాళీగా ఉంది. పక్కన ఆవిడ నోటు: "ముందే అడిగితే దొంగతనం మానేస్తాడు. ఆఖర్న అడుగుతా." 28 మార్చిన బోర్డు కూర్చుంటుంది. ఆలోగా 'అ' సంతకం చేస్తే డిగ్రీ ఆవిడ పేరున వస్తుంది. లేకపోతే రాదు. ఖాళీ సమ్మతి ఫారం జతపరుస్తున్నాను.

అతనెవరో మీరే కనిపెట్టాలి. రిపోర్టు మొత్తం మీకు చూపించే వీలు లేదు, నియమం. కొన్ని గుర్తులు చెబుతాను. వయసు అరవై దాటింది. మీ ఇంట్లో చనువున్నవాడు. దొరికిపోతాననిపిస్తే వాన సంగతి ఎత్తుతాడు.

ఆదరంతో,
తనూజ

తా.క.: తలుపు గడియ వేసుకోండి.


కోడుమూరు,
3 మార్చి

తనూజ గారికి, నమస్కారం.

దొంగ దొరికాడు. పక్కింటి ఓబులేసు. వయసు అరవై ఆరు. రోజూ పేపరు కోసం మా ఇంటికి వస్తాడు. వాన సంగతి తప్ప వేరే మాట్లాడడు. కోడుమూరులో అందరూ అంతే, కాని ఇతను ఎక్కువ.

నిన్న ఫారం ముందు పెట్టాను.

"ఏందిది?" అన్నాడు.

"సంతకం పెట్టప్పా. నువ్వు మా ఇంట్లో దొంగతనం చేసినందుకు."

"ఏమప్పా, నన్ను దొంగంటాండావా? ఈడ నేను తీసింది పేపరొక్కటే. అదీ నువ్వు సదివినాకే!"

"రాజేశ్వరి ఐదేండ్లు రాసిపెట్టింది."

అతను నా పెన్ను తీసుకుని ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "ఆయమ్మ రాసిందంటే తప్పుండదు. నేనేం తీసినానో నాకే గుర్తులేదేమో" అన్నాడు. అయినా సంతకం పెట్టకుండా వెళ్ళిపోయాడు.

ఇట్లు,
ఉమామహేశ్వర

తా.క.: వెళ్తూ నా పెన్ను తీసుకుపోయాడు. రుజువుగా రాసుకోండి.


కడప,
8 మార్చి

ఉమామహేశ్వర గారికి,

పెన్ను రాసుకున్నాను. కాని తొందరపడకండి. మూడో అధ్యాయంలో ముఖ్యమైన గుర్తు ఉంది: "నేరం చేసిన రోజున 'అ' ఎవరూ అడగకుండానే కుళాయి నుంచి బిందెలతో నీళ్ళు తెస్తాడు. తప్పు ఒప్పుకోడు, బరువు మోస్తాడు." పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. పశ్చాత్తాపం గురించి ఇంత చిన్న వాక్యం నేను రాయలేకపోయాను.

ఇంకో సంగతి అడగక తప్పదు. 'క' గుండ్రంగా ఉంటుందట. ఇంట్లోనే చేస్తారట. చేసేటప్పుడు చేయి కాలుతుందట. డబ్బాలో పెట్టి పైన దాస్తారట. "తయారీలో మార్పు చేశాను. 'అ'కు ప్రమాదం తగ్గింది. అతను గమనించలేదు" అని కూడా రాశారు.

సార్, నేను గుంటూరు నుంచి వచ్చినదాన్ని. సీమ గురించి సినిమాల్లో చూసిందే ఎక్కువ. ఆ డబ్బాలో ఉన్నవి నాటుబాంబులా? పోలీసులకు చెప్పమంటారా?

భయంతో,
తనూజ

తా.క.: ఏ డబ్బానూ కదపకండి.


కోడుమూరు,
12 మార్చి

తనూజ గారికి, నమస్కారం.

మా ఇంట్లో బాంబులు లేవు. ఈ మధ్య కోడుమూరులో ఉరుములు కూడా లేవు. పోలీసులు వద్దు.

ఓబులేసు నిర్దోషి. నీళ్ళ సంగతి అతని భార్య కృష్ణవేణమ్మను అడిగాను. "నీళ్ళా? ఈయప్పనా? నలభై యేండ్ల కాపురంలో సెంబుడు నీళ్ళు తెచ్చింది లేదు. ఈయప్పకు దొంగతనం గూడా శానా పెద్ద పని!" అంది. ఓబులేసు తల వంచుకుని పెన్ను తిరిగిచ్చాడు.

తర్వాత బిందెల గురించి ఆలోచించాను. మా వీధిలో నడవలేని వాళ్ళకు తిమ్మన్న నీళ్ళు మోసి ఇస్తాడు. అతన్ని పిలిచాను. ఏమీ అడగకుండా వేలిముద్ర వేశాడు, ఆపైన సంతకం కూడా చేశాడు. ఫారం జతపరిచాను.

డిగ్రీ పట్టా మీద ఆమె పేరు పూర్తిగా, రాజేశ్వరి అని, తెలుగులో ఉండాలి.

ఇట్లు,
ఉమామహేశ్వర

తా.క.: కొత్త కుళాయి ఎప్పుడిస్తారని తిమ్మన్న అడుగుతున్నాడు. దేనికి సంతకం చేశాడో అతనికి నేను సరిగా చెప్పలేదేమో.


కడప,
18 మార్చి

ఉమామహేశ్వర గారికి,

ఫారం వాపసు పంపుతున్నాను. తిమ్మన్న వయసు ముప్పై నాలుగని మీరే నింపారు. చేయని నేరాన్ని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారో మీ భార్య రెండో ఏడు వ్యాసం రాశారు: "అడిగేవాడు మేష్టారయితే సగం ఊరు ఒప్పుకుంటుంది." నాకు ఇప్పుడు అర్థమయింది. పైగా సంతకం నా ఎదుటే జరగాలి, అది ముందే చెప్పడం మరిచాను. ఇంకా పది రోజులే ఉన్నాయి.

నియమం కొంచెం సడలిస్తున్నాను. ఇదే ఆఖరి ఆధారం. డబ్బా చుట్టూ ఆవిడ రోజూ ఒంటి నూలుపోగు కట్టేవారు. 'అ' దాన్ని తెంపి, పని అయ్యాక మళ్ళీ అతికేవాడు. ఆ పోగులన్నీ తేదీలతో రిపోర్టులో అంటించారు. ఒకటి పంపుతున్నాను. భూతద్దం పెట్టినా నాకు ముడి కనపడలేదు.

చివరి పేజీలో ఆవిడ రాసింది ఇది: "దొంగ ఎవరో మొదటి వారమే తెలిసింది. ముడి చెప్పింది. ఆ తర్వాత ఐదేళ్ళు పోగు కట్టింది పట్టుకోవడానికి కాదు. ఎంత ఓపిగ్గా అతుకుతాడో చూడ్డానికి."

ఇది చదివాక 'అ' మీద నాకు భయం పోయింది.

ఆదరంతో,
తనూజ

తా.క.: ఇలాంటి ముడి మీ ఊళ్ళో ఎవరెవరు వేయగలరు?


కోడుమూరు,
23 మార్చి

తనూజ గారికి, నమస్కారం.

పోగు అందింది. వెలుతురులో పెట్టి చూశాను. ముడి నాకు కనపడింది.

అది నేతగాళ్ళ ముడి. మగ్గం మీద పోగు తెగితే వేసేది. మా వీధిలో ఇరవై మంది వేయగలరు. కాని ఇది ఎడమచేతి ముడి. బడిలో కొట్టి నా చేత కుడిచేత్తో రాయించారు. ముడి వేయడం మా నాయన నేర్పాడు, ఆయన కొట్టలేదు. కోడుమూరులో ఎడమచేత్తో ముడి వేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

'క' అంటే నువ్వుండ. నాకు చక్కెర జబ్బు. ఐదేళ్ళ కిందట డాక్టరు తీపి మానమన్నాడు. ఆమె ఇంటికొచ్చే వాళ్ళ కోసం చేసి పై అరలో పెట్టేది. పోగు కట్టేది. నేను తెంపి, ఒకటి తిని, మళ్ళీ అతికి, బిందె తీసుకుని కుళాయికి పోయేవాణ్ణి. ఆమెకు తెలియదనుకున్నాను. సొంత ఇంట్లో నువ్వుండ తినడం నేరమని నాకు తోచలేదు. మీరు దొంగ అన్నందుకు ఊరంతా వెతికాను.

తయారీలో మార్పు సంగతి నిన్న అర్థమయింది. కొన్నేళ్ళుగా ఉండలు కొంచెం చేదుగా ఉన్నాయి. కట్టుడు పళ్ళ దోషమనుకున్నాను. ఆమె బెల్లం తగ్గించి మెంతిపిండి కలిపింది. నా చక్కెర అదుపులో ఉందని డాక్టరు నన్నే మెచ్చుకున్నాడు. నేను ఆ మెప్పు కూడా తీసుకున్నాను. అది కూడా రిపోర్టులో చేర్చండి.

ఆ రోజు నాలుగింటికి వంటింట్లో నాకున్న పని ఇదే. మొదటి ఉత్తరంలో రాయలేదు. ముడి వేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. శ్రద్ధగా వేశాను. ఆ తర్వాతే టీ పెట్టాను.

ఆమె మంచి పరిశోధకురాలు. నలభై ఏళ్ళు పక్కనే ఉండి నేను గమనించలేదు. ఓబులేసుకు క్షమాపణ చెప్పాను. "నువ్వా దొంగ? నీ యేషాలూ నువ్వూ! ఆయమ్మ నిన్ను పట్టుకోలేదప్పా, పెంచింది" అన్నాడు. తిమ్మన్నకు కుళాయి అర్జీ నేనే రాసిచ్చాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. సంతకం మీ ఎదుటే చేయాలి కాబట్టి ఇది కూడా నా చేత్తోనే ఇస్తాను.

ఇట్లు,
'అ'

తా.క.: ఆ డబ్బాను అప్పట్నుంచీ తెరవలేదు. నేను ఆఖరుసారి వేసిన ముడి అలాగే ఉంది. రేపు పొద్దున ఐదింటికి లేచి ఆ పోగు తెంపుతాను. మీకొకటి, నాకొకటి తీసుకుని, ఈసారి అతకకుండా వదిలేసి, కడప పోవడానికి మొదటి బస్సు ఎక్కుతాను.