వంకర కుట్ల సంచి

చిట్టి మరదలికి,

బావ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బాగున్నాం, నువ్వూ అక్కడ బాగుండాలి. ఈ ఒక్క వాక్యం రాసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి, షెడ్డు చుట్టూ ఓసారి తిరిగి వచ్చాను. ఈమధ్య నా కాలు ఒకచోట నిలవడం లేదు. మరమ్మతుకి వచ్చిన బస్సులో, డ్రైవరు సీటు మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద గ్రీజు మరకలుంటే చూసీచూడనట్టు పో.

నువ్వడిగినవాటికి జవాబులు. పాప నువ్వు పంపిన బూట్లు వేసుకునే బడికి వెళుతోంది. వానొస్తే మాత్రం అవి తడుస్తాయని విప్పి చంకన పెట్టుకుని నడుస్తోంది. మా అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మీ అక్క కుట్టిచ్చిన మందుల సంచిని దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. మా తమ్ముడు తన టిఫిన్ సంచిని ఆఫీసులో అందరికీ చూపించి మా వదిన కుట్టిందని గొప్పలు పోతున్నాడట.

ఉద్యోగం మానేసి వచ్చేస్తాననీ, అక్కా నువ్వూ కలిసి మా ముందుగదిలో సంచుల దుకాణం పెడతారనీ రాశావు. మీ అక్కకి చదివి వినిపించాను. నవ్వింది. "రానివ్వండి, ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటుందది" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఇంకోటి కూడా అడిగావు. "అక్క కళ్ళజోడు ఎక్కడ పారేసుకుంది బావా? కిందటిసారి పంపిన సంచిలో కుట్లు తాగి నడిచినట్టున్నాయి" అని. దానికి జవాబు చివర్లో రాద్దామనుకున్నాను. అంతదాకా ఆగడం నా వల్ల కావడం లేదు.

ఆ సంచి కుట్టింది నేను.

చలికాలం మొదట్లో ఓ ఉదయం మీ అక్క చేతిలోంచి కత్తెర జారింది. మర్నాడు సూది. తర్వాత గిన్నె, చీపురు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ పట్టు పోయింది. మెడ దగ్గర నరం నొక్కుకుందట. మందులు వాడుతున్నాం. పట్టు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మీ అక్క, "చిట్టికి చెప్పారంటే మీతో మాట్లాడను. రేపోమాపో తగ్గిపోయేదానికి దాన్ని కంగారు పెట్టడం ఎందుకు?" అంది.

అప్పటికి నీ సంచికి గుడ్డలు కత్తిరించి ఉన్నాయి. ఇంజిను విప్పి బిగించేవాణ్ణి, నాకు సంచి ఓ లెక్కా అనుకుని అంచు నుంచి మొదలుపెట్టాను. మధ్యకొచ్చేసరికి గుడ్డంతా ఉబ్బి కూర్చుంది. మీ అక్క తల పట్టుకుంది.

"పైగుడ్డ, దూది, లైనింగ్, మూడూ కలిసి ఉండాలంటే మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి రావాలండీ. ముడతలన్నీ బయటికి పోతాయి."

ఇంజిను హెడ్డు బోల్టులు కూడా మేం మధ్యలోంచే బిగిస్తాం. ఇన్నేళ్ళుగా చేస్తున్న పని, నాకెందుకు తట్టలేదో. అంతా విప్పి మళ్ళీ కుట్టాను. ఆమె పక్కన కూర్చుని కుట్టుకో చివాటు పెట్టింది. ఈమధ్య ఆమె మునుపటిలా గొంతెత్తి మాట్లాడింది ఆ కాసేపే.

ఫోనులో చెబుదామంటే ఎప్పుడూ పక్కనే ఉంటుంది. కడుపులో దాచుకుందామంటే నువ్వు రాజీనామా రాసి పెట్టుకున్నానంటున్నావు. ఆ చెయ్యి మీద భరోసాతో వచ్చేసి, వచ్చాక చూస్తే నీ గతేం కాను? నిన్ను ముంచానన్న బాధతో మీ అక్క ఏమైపోతుంది? నాకు భయంగా ఉంది చిట్టీ.

దుకాణం కోసమే అయితే ఆ కాగితం ఇప్పుడే ఇవ్వకు. మీ అక్కని చూడ్డానికైతే సెలవు పెట్టి వెంటనే రా. నేను చెప్పానని మాత్రం అనకు, కుట్లు చూసి నేనే పసిగట్టానని చెప్పు. నమ్ముతుంది, నా కుట్లు ఆమెకి తెలుసుగా.

నేను షెడ్డుకీ పాప బడికీ వెళ్ళాక ఆమె గదిలో ఒక్కతే కూర్చుని ఏదో చేస్తోందని నాకు అనుమానంగానే ఉండేది. మొన్న చెత్తబుట్ట పారబోస్తుంటే అడుగున గుడ్డముక్కలు కనిపించాయి, అన్నిటి మీదా కుట్లు. ఒకటి తీసి దాచాను. ఈ కవరులోనే పెట్టాను, చూడు. కుట్టు మధ్యలోనే మొదలైంది, అంచుకి చేరకముందే ఆగిపోయింది. నా కుట్లకంటే వంకరగా ఉంది.

అది మీ అక్క కుట్టు. ఎడమ చేత్తో కుట్టింది.

ఇట్లు,
మీ అక్కకిచ్చిన మాట నిలుపుకోలేని
మీ బావ