కత్తెర పడని బేనర్

నర్రమిల్
1988 సెప్టెంబరు 25

థెల్మా అక్కా,

ముందు డారిల్ సంగతి. నీ కొడుకు భుజం గురించి బెంగ పెట్టుకోకు. కట్టు ఇంకో మూడు వారాలు ఉంచాలన్నాడు డాక్టరు. ఇవాళ మధ్యాహ్నం మా ఇంట్లోనే తిన్నాడు. మాంసం నేను ముక్కలు కోసి పెడితే, "పిన్నీ, నాకు పాతికేళ్లు" అని విసుక్కున్నాడు గానీ, గిన్నె ఖాళీ చేశాడు.

మొన్న ఫోనులో నువ్వు ఫుట్‌బాల్ సీజన్ ఎలా గడిచిందని అడిగితే "బానే" అని పెట్టేశాను. పక్కన ఆర్చీ ఉన్నాడు మరి. మా ఆయన ముందు బ్రొన్విన్ ఊసెత్తడానికి లేదు. "ఏమోయ్ ఎనిడ్, ఆ పిల్ల పేరొస్తే చాలు, నీ మొహం నిమ్మకాయ కొరికినట్టు అయిపోతుంది" అని నవ్వుతాడు. ఇప్పుడు ఆయన గొర్రెల దగ్గరికి వెళ్లాడు. మొత్తం చెబుతాను.

బ్రొన్విన్ అంటే ఫిబ్రవరిలో మన బడికి వచ్చిన కొత్త హెడ్‌మిస్ట్రెస్. ముప్ఫై రెండేళ్లుంటాయి. మెల్‌బోర్న్ పిల్ల. సీజన్ మొదటి శనివారమే ఆట చూడ్డానికి తన పసుపుపచ్చ కారు తెచ్చి ఎక్కడ ఆపిందో తెలుసా? ఉత్తరం వైపు గోలు స్తంభాల పక్కన, నాన్న రోజుల నుంచి మన కారు నిలిచే చోట! నేను అద్దం మీద కొట్టి చెబితే, "అయ్యో, ఎక్కడా పేరు రాసి లేదండీ" అంది. పేరు రాయాలట. ఆ మైదానం చుట్టూ ఎవరి కారు ఎక్కడ ఆగుతుందో ఈ ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు.

అంతటితో పోతే బావుండేది. ఇరవై ఆరేళ్లుగా మన చిలకల జట్టుకి, కుర్రాళ్లు చీల్చుకుని మైదానంలోకి దూకే ఆ కాగితం బేనర్ రాసేది నేనే కదా. గులాబీ, బూడిద రంగుల ముడతల కాగితం హాలు నేల మీద పరిచి, ఏటా ఒకే మాట: "చిలకలూ, పదండి ముందుకు!" ఎవరూ వంక పెట్టలేదు. ఈ ఏడు మొదటి మూడు ఆటలూ ఓడిపోయాం. నాలుగో వారం నేను ఫ్లూతో మంచమెక్కాను. ఆ శుక్రవారం సాయంత్రం బేనర్ బ్రొన్విన్ రాసిందట. ఎద్దు బొమ్మ జట్టు గుర్తుగా పెట్టుకున్న బుల్లార్క్ వాళ్ల మీద:

బుల్లార్క్ ఎద్దులు బలిసినవే,
చిలక ముక్కుకే బెదిరినవే!

యాభై రెండు పాయింట్లతో గెలిచాం. ఇక చూసుకో. గెలిచినన్నాళ్లూ సాక్సులు ఉతకని మనుషులు, పద్యం మార్చనిస్తారా? నీ కొడుకే కెప్టెన్ హోదాలో మా వంటింట్లోకి వచ్చి, నేను చేసిన కేకు తింటూ చెప్పాడు: "ఏమీ అనుకోకు పిన్నీ. కుర్రాళ్లు బ్రొన్విన్ గారి పాటే కావాలంటున్నారు. నువ్వు వెనకాల టేపు పని చూసుకుందువు గాని." రాసే చేతికి టేపు చుట్ట ఇచ్చారక్కా.

తర్వాత పదిహేను ఆటల్లో పదమూడు గెలిచారు. బేకరీకి వెళ్తే ఆమె పద్యాలే, చర్చి మెట్ల మీదా అవే. గోలు పడ్డప్పుడల్లా మైదానం చుట్టూ కార్ల హారన్లు మోగేవి. నాకు మాత్రం అవి ఆమె కోసమే మోగుతున్నట్టుండేది. ఆర్చీ మా హారన్ కూడా కొడితే చెయ్యి పట్టుకుని లాగాను. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఒక్కో శనివారం మనవాళ్లు ఓడిపోతే బావుణ్ణనిపించేది. చిలకలంటే ప్రాణం పెట్టిన నాకు! ముప్ఫై ఏడేళ్ల క్రితం మనం కప్పు గెలిచిన రోజున నువ్వూ నేనూ చెప్పులు చేత్తో పట్టుకుని మైదానమంతా పరిగెత్తాం, గుర్తుందా? మళ్లీ ఫైనల్‌కి చేరింది ఈ ఏడే. దానికి కారణం నిన్న గాక మొన్న వచ్చిన ఈమె అట.

ఫైనల్ రోజు జరిగింది నీకు సగమే తెలుసు. బేనర్ గాలికి చిరగకుండా వెనకంతా టేపు వేస్తాం కదా, మధ్యలో మాత్రం జానెడుకో చోట కత్తెర పెడతాం, ఆటగాళ్లు అక్కడ చీల్చుకుని రావడానికి. ఆ కోత ఈసారి పడలేదు. డారిల్ అందరికంటే ముందు దూసుకొచ్చి, గోడకి కొట్టుకున్నట్టు వెనక్కి పడ్డాడు. వెనకవాళ్లు ఇద్దరు వాడి మీద పడ్డారు. అవతలి జట్టు వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. భుజానికి కట్టు కట్టుకుని ఆడాడు పాపం. ఆఖరి నిమిషంలో గోలు ముందు, పట్టుకుని తన్నాల్సిన బంతి సరిగ్గా చేతుల్లోకి వచ్చి జారిపోయింది. గోలుకి ఆరు పాయింట్లు. మేం ఓడింది నాలుగుతో.

కోత ఎవరు చూసుకోవాల్సిందని క్లబ్బు వాళ్లు అడిగితే, బ్రొన్విన్ ముందుకొచ్చి "బేనర్ నాది, తప్పూ నాదే" అంది. ఇప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. బదిలీకి అర్జీ పెట్టుకుందని విన్నాను. పోనీ. ఎవరి చోటుకి వాళ్లు వెళ్లడమే మంచిది.

నీ చెల్లెలు,
ఎనిడ్

నర్రమిల్
అక్టోబరు 6

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. "ఆ మహాతల్లి ఎదురుపడితే నా బిడ్డ భుజానికి జవాబు చెప్పమంటా" అని రాశావు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఉత్తరం డ్రాయర్‌లో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. ఆర్చీ "ఏమిటా ఉత్తరం, నిన్ను కరుస్తోందా?" అన్నాడు. అవును, కరుస్తోంది.

నువ్వు జవాబు అడగాల్సింది నన్ను.

కోత నా పని. టేపు నాది, కత్తెర నాది. ఫైనల్ ముందు శుక్రవారం సాయంత్రం హాల్లో పదిహేను మందిమి ఉన్నాం. బ్రొన్విన్ కుంచె పక్కన పెట్టి, పద్యం పైకి చదివింది:

ముప్ఫై ఏడేళ్ల ఆకలి మాది,
ముద్ద మిగిల్చితే ఒట్టు!

అందరూ చప్పట్లు కొట్టారు. బాగుందక్కా, చాలా బాగుంది. అదే నా బాధ. ఆ ముప్ఫై ఏడేళ్లూ ఎదురుచూసింది నేను. వానలో, వడగాలిలో, ఆఖరి స్థానంలో ఉన్న ఏళ్లలో కూడా ఆ మైదానం పక్కన కారులో కూర్చున్నది నేను. ఆ మాట రాయాల్సింది నేను. నాకు తట్టలేదు. మొన్న వచ్చిన మనిషికి నా ఆకలి తట్టింది. అప్పుడే ఎవరో నా భుజం తట్టి, "వచ్చే ఏడు నుంచి హాయిగా కూర్చో ఎనిడ్, బ్రొన్విన్ ఉందిగా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

నేను బేనర్ వెనక్కి వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చున్నాను. కత్తెర తీశాను. తర్వాత దాన్ని స్వెట్టరు జేబులో పెట్టుకుని లేచాను.

మర్చిపోయానని నీకు రాయొచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. మర్చిపోలేదు. కాగితం చిరగక, కుర్రాళ్లు తికమకపడి, జనం ఆమె పద్యాన్ని చూసి నవ్వాలనుకున్నాను. అంతే అనుకున్నాను. ముందు వచ్చేది కెప్టెన్ అని, ఆ కెప్టెన్ నేనెత్తుకు పెంచిన పిల్లాడని నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణాన కుళ్లు తప్ప ఇంకేదీ కళ్లకి ఆనలేదు.

డారిల్ కింద పడి లేవకపోతే జేబులో కత్తెర పట్టుకుని నిలబడ్డాను. బ్రొన్విన్ తప్పు తనదని ఎందుకందో నాకు అర్థం కాలేదు. కానీ నోరు విప్పలేదు. పందొమ్మిది రోజులుగా విప్పలేదు. ఆమె బేకరీలోకి వస్తే జనం మాటలాపేస్తున్నారు, నేనూ వాళ్లతోపాటే గోడకేసి చూస్తున్నాను.

నన్ను తిట్టు. ఎంత తిట్టినా తక్కువే.

ఎనిడ్

నర్రమిల్
అక్టోబరు 24

అక్కా,

"డారిల్‌కి నీ నోటితో చెప్పేదాకా నాకు రాయకు" అన్నావు. చెప్పాను. అందుకే రాస్తున్నాను.

పదహారో తేదీ ఆదివారం భోజనాల దగ్గర చెప్పాను. వాడు ఫోర్కు కింద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. భుజం కట్టు సర్దుకుని అన్నాడు: "ఆ బంతి భుజం వల్ల కాదు, భయం వల్లే జారిందని ఊళ్లో అనుకుంటున్నారు పిన్నీ. పెద్ద ఆట కదా, చేతులు వణికాయని. ఈ నాలుగు వారాలూ నేనూ అదే నమ్మాను." కుర్చీ వెనక్కి తోసి వెళ్లిపోయాడు. పుడ్డింగు అలాగే ఉండిపోయింది. దాన్ని పారేయలేక, తినలేక కూర్చున్నాను. ఆర్చీ ఈసారి ఏ జోకూ వేయలేదు. గిన్నెలు తనే కడిగాడు.

సాయంత్రం బ్రొన్విన్ ఇంటికి వెళ్లాను. సామాను సగం పెట్టెల్లో ఉంది. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదక్కా! "నాకు తెలుసండీ, ఎనిడ్ గారూ" అంది.

"తెలిసి నీ మీద వేసుకున్నావా? నా మీద జాలా?" అన్నాను. ఆ స్థితిలో కూడా నాకు కోపం వచ్చింది, చూడు.

"జాలి కాదు. ఆ శుక్రవారం మీరంతా వెళ్లాక బేనర్ వెనక చెయ్యి పెట్టి చూశాను. కోత లేదు. బల్ల మీద నా కత్తెర ఉంది. కానీ మే నెలలో నేను టేపు ముట్టుకుంటే, చేతిలోంచి కత్తెర లాక్కుని మీరేమన్నారు? 'ఇది నీ బడి బోర్డు కాదమ్మాయ్, నన్నడక్కుండా దీని మీద చెయ్యి వేయకు' అన్నారు. పొద్దున మైదానంలో కోస్తారేమోలే అనుకున్నాను. ఫోను చేసి అడుగుదామనుకున్నాను. మీరంటే భయమేసి అడగలేదు. కాబట్టి తప్పు నాది కూడా."

పిల్లలూ తల్లిదండ్రులూ అందరూ హడలిపోయే హెడ్‌మిస్ట్రెస్. నేనంటే భయమట. సీజనంతా నేను ఆమెని చూసి కుళ్లిపోతుంటే, ఆమె నన్ను చూసి హడలిపోతూ గడిపింది. ఆ పెట్టెల్లోంచి పుస్తకాలు తీసి మళ్లీ అరలో పెట్టడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు.

మొన్న శుక్రవారం క్లబ్బు విందులో, ఉత్తమ ఆటగాడి పేరు చెప్పకముందే లేచి నిలబడి అందరి ముందూ చెప్పాను. కోత ఎవరు మానేశారో, ఎందుకు మానేశారో. బంతి ఎందుకు జారిందో కూడా. చెప్పి, కోటు తీసుకుని ఇంటికొచ్చేశాను. ఇప్పుడు బేకరీలో మాటలు ఆగుతున్నది నేను వెళ్లినప్పుడు. ఆగనీ.

బ్రొన్విన్ బదిలీ అర్జీ వెనక్కి తీసుకుంది. వచ్చే ఏడు మొదటి ఆటకి పద్యం అప్పుడే రాసి నాకు వినిపించింది. నాకొచ్చిన నాలుగు ముక్కలకంటే వందరెట్లు బాగుంది. ఇప్పటికీ నాకు లోపల మండుతుందక్కా, అది తగ్గిందని అబద్ధం చెప్పను. కానీ "బాగుంది" అని పైకి అన్నాను. మొదటిసారి.

నిన్న ఆదివారం డారిల్ వస్తాడనుకోలేదు. వచ్చాడు. కట్టు తీసేశారు. మాంసం తనే కోసుకుని, తల ఎత్తకుండా అడిగాడు:

"వచ్చే ఏడు టేపు కోత ఎవరిది?"

"బ్రొన్విన్‌కి ఇచ్చేశానురా. నేను హాలు దరిదాపులకి కూడా రాను."

"వద్దు. నువ్వే కొయ్యి" అన్నాడు. "నేనే ముందు పరిగెత్తుకొస్తా, పిన్నీ."

నీ చెల్లెలు,
ఎనిడ్