పిచ్చమ్మత్త కబురు, ప్రసార తేదీ

విజయవాడ, జూన్ 3

మాచర్ల మైకు ఆటో యజమాని నాగూర్ వలి గారికి,

ప్రసార సేవల లైసెన్సు కార్యాలయం నుంచి సెక్షన్ ఆఫీసర్ ఆనంద్ బాబు రాయునది. మీ ఆటో మీద "అడిగిన వెంటనే వినిపించబడును" అని ఉన్నట్టు ఫిర్యాదు అందినది. రికార్డు చేసి దాచి, అడిగినప్పుడు వినిపించడం ఆన్-డిమాండ్ సేవ కిందికి వస్తుంది. దానికి లైసెన్సు కావలెను. మీ దగ్గరున్న కార్యక్రమాల జాబితా, ఒక్కొక్కటి ప్రసారమయ్యే తేదీతో సహా, పదిహేను రోజుల్లో పంపవలెను.

ఇట్లు, ఆనంద్ బాబు

తా.క. తేదీల గడి ఖాళీగా వదలరాదు.


మాచర్ల, జూన్ 9

ఆనంద్ బాబు గారికి మైకు వలి సలాములు. కోపంలో ఉన్నాను గాబట్టి క్షేమం అడగడంలేదు.

ఏంది సార్ ఇది? నాదేమన్నా టీవీనా, రేడియోనా? పాత ఆటో, రెండు మైకు బాకాలు, ఒక మెమరీ కార్డు. ఊళ్ళో ఎవరన్నా పోతే మట్టి ఎన్నింటికో వీధివీధికీ చెప్పొస్తాను. మసీదు వాళ్ళకైనా చర్చి వాళ్ళకైనా నేనే. ఈమధ్య పెద్దవాళ్ళు ముందే వచ్చి తమ చావు కబురు తమ గొంతుతోనే రికార్డు చేయించుకుంటున్నారు. తాము పోయినాక ఎవరు ఏం చెబుతారోనని వాళ్ళ బాధ.

జాబితా అడిగారు, రాసుకోండి. అబ్దుల్ జబ్బార్ మామ, ఎలీషా మాస్టారు, ఎనభై నాలుగేళ్ళ పిచ్చమ్మత్త. ముగ్గురూ బతికే ఉన్నారు. తేదీలు మీరే వేసుకోండి.

ఒళ్ళు మండుతున్న వలి

తా.క. మీ నోటీసు జబ్బార్ మామకి చదివి వినిపించాను. పదిహేను రోజుల్లో తన వల్ల కాదన్నాడు.


విజయవాడ, జూన్ 20

నాగూర్ వలి గారికి,

మూడు కార్యక్రమాలనూ "రాబోవునవి" అని నమోదు చేశాం. తేదీ చెప్పలేని పక్షంలో కళాకారుల నుంచి రాతపూర్వక హామీ తేవలెను. ఫిర్యాదు పిచ్చమ్మ గారి రికార్డు మీదనే గనుక అది ఎట్టి పరిస్థితుల్లోనూ వేయరాదు. మెమరీ కార్డు మా కార్యాలయంలో జమ చేయవలెను.

ఇట్లు, ఆనంద్ బాబు

తా.క. కార్యక్రమం రద్దయితే ముందుగా తెలియజేయవలెను.


మాచర్ల, జూన్ 26

ఆనంద్ బాబు గారూ,

ఈసారి సలాములు కూడా లేవు. ఏమని హామీ రాయించుకురమ్మంటారు? ఫలానా శుక్రవారం తప్పకుండా పోతానని రాయాలా?

ఫిర్యాదు ఎవరు పెట్టారో నాకు తెలుసు. పిచ్చమ్మత్త కొడుకు బెంజిమిన్. పదకొండేళ్ళు తల్లి గుమ్మం తొక్కలేదు వాడు. అందుకే ఆమె రికార్డులో గట్టిగా చెప్పింది, "నా కొడుకు నా శవపెట్టె ముట్టుకోగూడదు" అని. ఆ ముక్క బయటికి రాగూడదని వాడి ఏడుపు. నా షాపులో పెద్దక్షరాలతో బోర్డుంది సార్, "రికార్డు చేసిన మాట మార్చబడదు" అని. ఎవరొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా మార్చను. ఊరందరికీ ఆమె చివరిసారి చెప్పుకునే మాట అది. నా ఆటో తీసుకుపోండి, కార్డు మాత్రం ఇవ్వను.

ఎక్కడికైనా వస్తానంటున్న వలి

తా.క. నిన్న బెంజిమిన్ని బజార్లో నిలబెట్టి చెడామడా తిట్టాను. మందుల సంచి పట్టుకుని తలకాయ వంచుకుని వెళ్ళిపోయాడు. దొరికిపోయాడు గాబట్టి.


విజయవాడ, జూలై 11

నాగూర్ వలి గారికి,

చావు కబుర్లు చెప్పే మైకు ఆటో మా లైసెన్సు కిందికి రాదని పై అధికారులు తేల్చారు. ఫైలు మూసేశాం. ఫిర్యాదు పెట్టింది బెంజిమిన్ కాదు. ఫిర్యాదుదారు ఒప్పుకున్నందున అందులో కొంత భాగం నకలు రాస్తున్నాను.

"అయ్యా, నేను పిచ్చమ్మని. ఎలీషా మాస్టారు చేత రాయిస్తున్నాను. నా కొడుకు పోయినేడు తిరిగొచ్చాడు. నర్సరావుపేట తీసుకెళ్ళి కళ్ళాపరేషన్ చేయించాడు. ఇప్పుడు నాకు ముద్ద వాడే పెడుతున్నాడు. పెట్టె ముట్టుకోవద్దన్న ముక్క తీసెయ్యమని వలిని నాలుగుసార్లు అడిగాను. బోర్డు చూపించి పంపేశాడు. నేను పోయిన రోజు నా కొడుకు ఊరి ముందు తల దించుకోవాలా? వలి మైకుకి పెద్ద ఎవరో తెలియక మీకు రాస్తున్నా."

ఇట్లు, ఆనంద్ బాబు

తా.క. మా ఆఫీసులోనూ అలాంటి బోర్డే ఉంది. తీసే అధికారం నాకు లేదు. మీకుంది.


మాచర్ల, జూలై 15

ఆనంద్ బాబు గారికి వలి సలాములు. మీరూ, ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం చదివాను. పిచ్చమ్మత్త అడిగినప్పుడల్లా కొడుకే పంపాడనుకున్నాను. నామీద నాకే అసహ్యమేసింది. బోర్డు పీకేశాను. తిట్టిన బజార్లోనే బెంజిమిన్ చెయ్యి పట్టుకుని తప్పయిందన్నాను. పిచ్చమ్మత్తని ఆటోలో తీసుకొచ్చి కబురు మళ్ళీ రికార్డు చేశాను. పెట్టె తలవైపు బెంజిమినే పట్టాలని చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతు వణికింది, ఆ వణుకు కూడా అట్లాగే ఉంచాను.

ప్రసార తేదీ ఖాళీగానే ఉంది. చానా ఏళ్ళు అట్లాగే ఉండాలి.

మీ నాగూర్ వలి

తా.క. కొత్త రికార్డు చివర ఆమె ఇంకో ముక్క కలిపింది, "మైకు వలి మాత్రం నా పెట్టె ముట్టుకోగూడదు" అని. రేపు ఆమె పోతే దాన్ని నేనే వీధివీధికీ వినిపించాలి. తీసెయ్యమని నాలుగుసార్లు అడిగాను, మాట మార్చబడదన్న నీ బోర్డు ఏదిరా అంటోంది. ఫిర్యాదు ఎవరికి పెట్టుకోవాలో కాస్త చెప్పండి.