పీట మీద పని

ప్రియమైన అక్కకు,

ఉద్యోగం దొరికింది. చెప్పుల కొట్టులో. జీతం తక్కువే, గది అద్దెకూ భోజనానికీ సరిపోతుంది. ఒక నెల చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఇది ఫోన్ చేసి చెప్పాల్సిన వార్త. కానీ ఫోన్లో నా మాట సగంలో ఆగిపోతుంది. కాగితం మీద వాక్యం పూర్తవుతుంది.

పని ఇది. వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుంటారు. నేను ఎదురుగా పీట వేసుకుని, పాదం కొలిచి, జత తెచ్చి తొడుగుతాను. మొహం చూడక్కర్లేదు. ఇన్నేళ్లూ అందరూ "కళ్లలోకి చూసి మాట్లాడు" అని నన్ను సతాయించారు. ఇక్కడ కిందికి చూడటమే పని. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని మనకెవరూ చెప్పలేదేం?

నాతో పనిచేసే ఆయనది గట్టి గొంతు. అందరూ మైకు అంటారు. మొదటి రోజు ఒకావిడ జత తొడుక్కుని "ఎలా ఉన్నాయి బాబూ?" అని అడిగింది. "మీ ఎడమ పాదం కుడిదానికంటే పెద్దదండీ. ఇవి కరుస్తాయి" అన్నాను. ఆవిడ లేచి వెళ్లిపోయింది.

"వచ్చిన బేరాన్ని దగ్గరుండి సాగనంపావు కదరా!" అని మైకు తల పట్టుకున్నాడు. తర్వాత పక్కకు పిలిచి, "నిజమే చెప్పు. కాకపోతే ఇంకో జత చేత్తో పట్టుకుని చెప్పు" అన్నాడు. అలాగే చేస్తున్నాను. అమ్ముడవుతున్నాయి. ఇంత తేలిగ్గా అర్థమయ్యేలా నాకు పని నేర్పినవాళ్లు తక్కువ.

నువ్వు చెప్పినట్టే, నాకు ఆటిజం ఉందని ఎవరికీ చెప్పలేదు.

నీ తమ్ముడు

*

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం డ్యూటీ మధ్యలో, వార్డులోనే చదివాను. నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క నర్సు "ఏంటే, పెళ్లి సంబంధమా?" అంది. మా తమ్ముడికి ఉద్యోగం వచ్చిందన్నాను. ఆ మైకు గారికి నా నమస్కారాలు చెప్పు. మరిచిపోకు.

ఆ సంగతి మాత్రం నోరు జారకు. పోయినసారి మందుల షాపులో చెప్పాం. మర్నాడే "వేరే మనిషిని చూసుకున్నాం" అన్నారు. నెల గడవనీ, తర్వాత చూద్దాం.

వేళకి తిను. ఏం తిన్నావో రాయి. లేకపోతే "తిన్నాను" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావు.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

అన్నం, పప్పు, గుడ్డు తిన్నాను.

తగ్గింపు ధరల అమ్మకాలు మొదలయ్యాయి. ఓనరు గారు నా పని మెచ్చుకుని, "గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని పిలువు. కమీషన్ కూడా వస్తుంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ గుమ్మం పక్కనే పెద్ద స్పీకర్ ఉంది. మధ్యాహ్నానికి నాకు మాటలు మాటల్లా వినపడటం మానేశాయి. చెవుల్లో దూది పెట్టుకున్నాను.

ఓనరు గారు వెనకనుంచి పిలిచారట. వినపడలేదు. ఆయన ముందుకొచ్చి, "పిలుస్తుంటే చెవిటి మాలోకంలా నిలబడతావేం? అంత పొగరైతే ఇంట్లో కూర్చో!" అన్నారు. స్టాకు గదిలోకి వెళ్లి డబ్బాల మధ్య కూర్చున్నాను. మైకు వచ్చి గ్లాసుతో నీళ్లు పెట్టి వెళ్లాడు. ఏమైందని అడగలేదు. అడిగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణి.

గుమ్మం దగ్గర నిలబడితేనే నెల నిండాక ఉంచుకుంటామని, లేకపోతే లేదని ఓనరు గారు తేల్చేశారు. అక్కా, నాకు ఈ ఉద్యోగం కావాలి.

నీ తమ్ముడు

*

చిన్నోడా,

ఎవరితో ఏమీ అనకు. పళ్లబిగువున ఓర్చుకో. నెల నిండే రోజుకు సెలవు పెట్టాను. నేనొచ్చి మీ ఓనరుతో మాట్లాడతాను. కాళ్లు పట్టుకునైనా ఒప్పిస్తాను. నువ్వు బెంగ పెట్టుకోకు.

అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత నువ్వు వద్దన్న పని చేశాను.

పొద్దున కొట్టు తెరవగానే ఓనరు గారి ముందు నిలబడ్డాను. ఆయన బూట్ల వైపు చూస్తూ చెప్పాను. "నాకు ఆటిజం ఉందండీ. ఆ స్పీకర్ పక్కన నాకు మాటలు అర్థం కావు. పీట మీదైతే సాయంత్రం దాకా చేస్తాను. పిలిచినప్పుడు పలక్కపోతే ఎదురుగా వచ్చి చెయ్యి ఊపండి."

"అంటే, అది పొగరు కాదా?"

"కాదండీ."

"నేను పొగరే అనుకున్నా. ఆ మాట ముందే ఏడవచ్చుగా!"

"ఏడవటం దేనికండీ? ఊరికే చెబుతాను కదా" అన్నాను. మైకు పగలబడి నవ్వాడు. "సార్, గుమ్మం నాకిచ్చెయ్యండి. నా గొంతుకి ఆ స్పీకర్ కూడా దండగే" అన్నాడు. ఓనరు గారు "కరెంటైనా మిగులుతుంది" అని స్పీకర్ వైరు పీకేశారు. కమీషన్ మైకుకే వెళ్తుంది. నా జీతం పెరగదు. కానీ నెల నిండాక కూడా నన్ను ఉంచుకుంటామన్నారు.

ఒక సంగతి. మందుల షాపులో "చెప్పాం" అని రాశావు. నేను చెప్పలేదు అక్కా. నన్ను బయట కూర్చోబెట్టి నువ్వు చెప్పావు. అద్దంలోంచి చూశాను. నువ్వు కళ్లు తుడుచుకుంటున్నావు, ఆయన తల ఊపుతున్నాడు. నీమీద కోపం లేదు. బడిలో చేరిన రోజు నుంచీ నా తరఫున మాట్లాడింది నువ్వే. నువ్వు మాట్లాడకపోతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణే కాదు. ఆ మాట ఓనరు గారికీ చెప్పాను.

కాళ్లు పట్టుకుంటానన్నావు. అది నా ఉద్యోగం. నాకు వదిలెయ్యి.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

కాళ్లు పట్టుకోవడం నీ ఉద్యోగమన్న ముక్క పైకి చదివితే వార్డంతా నవ్వింది. "మీ తమ్ముడు మహా మొహమాటస్తుడన్నావు, ఇంత మాటకారా?" అన్నారు. మొహమాటం కాదు, ఆటిజం అని చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి. "అలాగా" అని ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. ఏదో అయిపోతుందనుకున్నాను, ఏమీ కాలేదు.

సెలవు రద్దు చేసుకోలేదు. వస్తున్నాను. మీ ఓనరు గారితో నేనేం మాట్లాడకూడదో ముందే రాసి పంపు. ఏం మాట్లాడొచ్చో కూడా రాయి. నోరు మూసుకుని నిలబడటం నాకు చేతకాదని నీకు తెలుసుగా.

నీ అక్క