మూడో జేబు

జనవరి 19

లాయర్ అక్కర్లేదట. ఫారం ఎవరిది వాళ్ళే నింపుకోవచ్చని వెబ్‌సైట్‌లో స్పష్టంగా ఉంది. నమ్మలేక నాలుగుసార్లు చదివాను. మార్కెట్‌లో ఒకడు ఇప్పటికే మా బ్యాగులు చూసి అచ్చం అలాగే కుట్టిస్తున్నాడు. ఇంకో నెల ఆగితే పేరు కూడా పెట్టేసుకుంటాడు. అందుకే ట్రేడ్‌మార్క్. సెర్చ్ చేశాను. "మూడో జేబు" అని ప్రపంచంలో ఎవరూ పెట్టుకోలేదు. కాసేపు గాల్లో తేలాను.

భోజనాల దగ్గర చెప్పాను. మంచిదే కదా అంది వదిన. నీకెందుకమ్మా ఈ కోర్టు గొడవలు అన్నాడు అన్నయ్య. కోర్టు కాదు, ఫారం అన్నాను.

జనవరి 27

ట్రేడ్‌మార్క్ వాళ్ళు సరుకులన్నిటినీ క్లాసులుగా విడదీశారు, అందులో బ్యాగులు పద్దెనిమిదో క్లాసు. ఇది తెలుసుకోవడానికి మూడు రోజులు పట్టింది. పరీక్షలకి కూడా ఇంత చదవలేదు.

ఫిబ్రవరి 6

ఒక గడి దగ్గర ఇరుక్కుపోయాను. ఈ పేరు ఏ తేదీ నుంచి వాడుతున్నారు అని అడుగుతోంది. ఆరేళ్ళయిందని తెలుసు. తేదీ ఎవడికి గుర్తుంటుంది?

అప్పుడు ఈ ముందు గదిలో ఒక్కటే మిషన్. నేను కత్తిరించేదాన్ని, వదిన కుట్టేది. బయటి రెండు జేబులూ కాక, లైనింగ్ లోపల ఎవరికీ కనపడని జేబు ఒకటి పెడదామన్నది నేను. అదేం పని, గుడ్డ దండగ అని వదిన గొణిగింది, కానీ కుట్టింది. తర్వాత ఒక టీచరమ్మ వచ్చి, ఆ మూడో జేబు బ్యాగు ఇంకోటి ఇవ్వమంది. పేరు అలా వచ్చింది. ఆవిడ ఏ రోజు వచ్చిందో తేలాలి. ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి కదా, నోటికొచ్చిన తేదీ ఎలా రాస్తాను?

ఫిబ్రవరి 17

వదిన స్నేహితురాలు ఎవరో కొవ్వొత్తులు చేస్తుందట. ఆవిడకీ పేరు రిజిస్టర్ చేయించుకోవాలని ఉందట. ఎలాగో కాస్త చెప్పమంది. ఆరేళ్ళలో వదిన నన్ను ఒక సంగతి నేర్పమని అడగడం ఇదే మొదలు. మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి చెప్పాను. లాగిన్ ఎలా చేయాలి, లోగో ఫోటో ఎంత సైజు ఉండాలి, క్లాసు ఎలా వెతకాలి. వదిన నోట్‌బుక్‌లో గుండ్రటి అక్షరాలతో అంతా రాసుకుంది. వాడిన తేదీ తెలియకపోతే ఏం చేయాలని అడిగింది. ఇకముందు వాడబోతున్నాం అని ఒక ఆప్షన్ ఉంది, కొత్తవాళ్ళయితే అది నొక్కితే సరిపోతుంది అన్నాను. దాని కింద రెండు గీతలు గీసుకుంది.

మార్చి 3

తేదీ దొరికింది. టీచరమ్మ ఇంటికే వెళ్ళాను. ఆ రెండో బ్యాగు భుజాన వేసుకుని స్కూల్లో దిగిన ఫోటో తేదీతో సహా ఆవిడ ఫోన్‌లో ఉంది. లేబుల్ కూడా కనపడుతోంది. ఆవిడని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. రేపే పంపేస్తాను.

మార్చి 4, ఉదయం 10.40

పేరు పోయింది.

మార్చి 4, మధ్యాహ్నం

పంపేముందు ఊరికే ఇంకోసారి సెర్చ్ చేశాను. "మూడో జేబు", పద్దెనిమిదో క్లాసు, అప్లికేషన్ వేసి పదకొండు రోజులయింది. మార్కెట్‌లో వాడే అనుకున్నాను. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ క్లిక్ చేశాను. యజమాని అన్నచోట మా అన్నయ్య పేరు ఉంది. అడ్రస్ మా ఇల్లే. లోగో నేను గీయించిందే.

కొవ్వొత్తులూ లేవు, స్నేహితురాలూ లేదు. నా పేరుని నేనే క్లాసు నంబరుతో సహా పళ్ళెంలో పెట్టి ఇచ్చాను.

ఇంకా మండించేది వేరే ఉంది. తేదీ దగ్గర, ఇకముందు వాడబోతున్నాం అని నొక్కారు. ఆరేళ్ళ నా చాకిరీ, ఆ టీచరమ్మ, ఆ మొదటి బ్యాగు, ఏదీ జరగలేదన్నమాట. నేను ఒక్క తేదీ తప్పు రాయకూడదని నెల రోజులు ఊరంతా తిరిగాను. వాళ్ళకి ఒక్క నొక్కుతో అయిపోయింది.

వదిన టీ తెచ్చి పెట్టింది. తాగాను.

మార్చి 11

అడగలేదు. అడిగితే వదిన ఏడుస్తుంది, అన్నయ్య అరుస్తాడు, చివరికి సారీ చెప్పేది నేను. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతే. నా ఫారం సంగతి మాత్రం కదిపి చూశాను. ఇంకా పంపలేదు అన్నాను. అన్నయ్య కంచంలోంచి తలెత్తలేదు. రేపు నీకంటూ ఒక ఇల్లు ఏర్పడుతుంది, పని మాత్రం ఈ ఇంట్లోనే ఉండాలి కదమ్మా అన్నాడు. నేను అడిగిన దానికి అది జవాబు కాదు. నేను అడగని దానికి జవాబు.

నన్ను స్కూటర్ మీద తిప్పి షాపులన్నీ పరిచయం చేసింది ఈయనే. వదిన సంగతి ఎలాగోలా మింగుతాను. అన్నయ్యది గొంతు దిగడం లేదు.

మార్చి 20

అభ్యంతరం పెట్టే దారి ఉంది. ఫోటో ఉంది కాబట్టి గెలుస్తాను కూడా. కానీ ప్రతివాది అన్నచోట అన్నయ్య పేరు రాయాలి. రాశాను. చెరిపేశాను.

మే 10

వదిన ఫోన్ పట్టుకుని వచ్చింది. స్నేహితురాలి పేరు మీద ఆఫీసు వాళ్ళు కొర్రీ వేశారట. ముప్పై రోజుల్లో జవాబివ్వాలట, లేకపోతే అప్లికేషన్ రద్దయిపోతుందట. ఏదీ చూపించు అన్నాను. పైభాగం బొటనవేలితో మూసిపెట్టి చూపించింది. పేరు సరుకుని వర్ణించేలా ఉంది కాబట్టి ఇవ్వం అని ఉంది. కొవ్వొత్తికి ఏం పేరు పెట్టిందేమిటి మీ స్నేహితురాలు అన్నాను. వెలుగు అని ఏదోలే అంది. నిమ్మకు నీరెత్తినట్టు అంది.

పేరు ముందునుంచే వాడుకలో ఉందని చూపిస్తే వదిలేస్తారు, పాత ఫోటోలు, పాత లేబుళ్ళు కావాలి అన్నాను. అవునూ, మన పాత లేబుళ్ళు ఎక్కడ పెట్టావు అంది వదిన, ఊరికే.

నవ్వొచ్చింది. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

మే 12

ఆవిడకి ఇదంతా కష్టం, జవాబు నేనే రాసి పంపేస్తాను అన్నాను. వదిన గబగబా లాగిన్ రాసిచ్చింది. పాస్‌వర్డ్ అన్నయ్య పుట్టినరోజు. చూడనట్టే కాగితం మడిచి పెట్టుకున్నాను.

జూన్ 9

గడువు నిన్నటితో అయిపోయింది. జవాబు పంపావా అని వదిన అడిగింది. పంపాను అన్నాను. మాట తడబడుతుందేమో అనుకున్నాను, తడబడలేదు. వదిన హమ్మయ్య అని నా పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా ఇద్దరం కలిసి పన్నెండు బ్యాగులకి లేబుళ్ళు కుట్టాం. సూదిలో దారం వదినే ఎక్కించి ఇచ్చింది.