సిగ్నల్ పెట్టె మీద నా పేరు

ఖటోదరా, సూరత్
ఆదివారం

అక్కకు తమ్ముడు రాజేశం దండాలు. నేను, సుజాత, పిల్ల ముగ్గురం బాగానే ఉన్నాం. నీ కన్ను ఎలా ఉంది? చుక్కల మందు వేళకు వేసుకుంటున్నావా? బావ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఈ ఉత్తరం బావతోనే చదివించుకో, ఇంకెవరి చేతికీ ఇవ్వకు.

ఫోన్లుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఇప్పుడు కార్ఖానాలో గానీ, దాని వెనకే ఉన్న మా గదిలో గానీ సిగ్నల్ అందదు. మాట్లాడాలంటే రోడ్డు మీదికి పోవాలి, అక్కడ పదిమంది వింటారు. కంగారు పడకు, ఒంట్లో బాగానే ఉంది. ఉక్కపోతలో బట్ట నేసే సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడి వచ్చాక అన్నమే సయించడం లేదు. నువ్వు పంపిన మామిడి తొక్కు అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పంపు.

ఇక అసలు సంగతి. మా కార్ఖానాకు చుట్టూ ఎత్తు గోడలు, పైన రేకులు. లోపల ఫోన్ ఎప్పుడూ సరిగ్గా పలికేది కాదు. బేరాల ఫోన్లు తప్పిపోతున్నాయని మా శేఠ్ ఒకరోజు నన్ను పిలిచాడు. "రాజేశం భాయ్, సిగ్నల్ పెంచే పెట్టె దొరుకుతుందట. మీరంతా కలిసి తెచ్చి పెట్టండి, కరెంటు నాది" అన్నాడు. పనివాళ్ళం తలా కొంత వేసుకుని తెచ్చాం. పెద్దవాణ్ణని దాన్ని మెట్ల పక్క గోడకు బిగించే పని నాకు అప్పజెప్పారు. మన కులసంఘం హాలుకు ఫ్యాను ఇచ్చినా, గుడికి గంగాళం ఇచ్చినా పేరు రాయిస్తాం కదా? ఆ మురిపెంతోనే పెట్టె మీద ఎర్ర రంగుతో 'రాజేశం, సిరిసిల్ల' అని రాయించాను. "అందరి పైసలైతే నీ ఒక్కని పేరేంది? జర సిగ్గుండాలె" అని సుజాత నవ్వింది.

కిందటి నెల ఒక మధ్యాహ్నం పక్క కార్ఖానాలో చిక్కునూలు కుప్ప అంటుకుంది. సందులో ఎందరు చేసినా ఫైరింజనుకు ఫోన్ కలవలేదు. చివరికి ఒకాయన స్కూటర్ మీద స్టేషనుకే పోయి పిలుచుకొచ్చాడు. ఈలోపల కార్తీక్ అనే ఒడియా పనివాడు లోపలున్న ఇద్దరిని బయటికి లాగి, రెండు చేతులూ కాల్చుకున్నాడు. ఆ సమయంలో మా ఫోన్లలో సిగ్నల్ నిండుగానే ఉంది. సాంచాల మోతలో మాకు సంగతే తెలియలేదు.

పది రోజులకు సర్కారు వైర్‌లెస్ ఆఫీసు వాళ్ళు జీపులో వచ్చారు. ఒకాయన చేతిలో చేప ముల్లులాంటి ఏంటెన్నా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నేరుగా మా మెట్ల దగ్గరికి వచ్చి ఆగాడు. నేనేమో ఫోన్ కంపెనీ వాళ్ళనుకున్నాను. పెట్టె మీది తెలుగు అక్షరాలు చూపించి "ఇక్కడ ఏం రాసుంది?" అని హిందీలో అడిగితే, ఛాతీ విరుచుకుని నా పేరు, ఊరు చదివి వినిపించాను. ఆయన రాసుకున్నాడు. నా అంత తెలివిగలవాడు సూరత్‌లో ఇంకొకడు ఉండడు.

ఆయన ఓపిగ్గానే చెప్పాడు. గాలిలో పోయే ఈ తరంగాలను ఫోన్లకిన్ని, పోలీసులకిన్ని, విమానాలకిన్ని అని సర్కారే పంచుతుందట. అనుమతి లేని పెట్టె ఎవరూ పెట్టకూడదట. "నీ సాంచాల మోతలో పక్కవాడి కేక వినిపిస్తుందా? నీ పెట్టె టవర్ చెవిలో అలాగే మోత పెట్టింది. అందుకే సందులో వాళ్ళ ఫోన్లు కలవలేదు" అన్నాడు. కార్తీక్ కాలిన చేతులే గుర్తొచ్చాయి. పెట్టె పట్టుకుపోయారు. విచారణ ముగిసేదాకా ఊరు దాటవద్దన్నారు. నీ ఆపరేషన్ నాడు పక్కన కూర్చుంటానని మాటిచ్చాను. రాలేను అక్కా.

శేఠ్ నన్ను పక్కకు పిలిచి, "పేరు నీదే ఉంది కదా. నా మాట ఎత్తకు. గది నాది, పని నాది, గుర్తుంచుకో" అన్నాడు. సుజాత వినడం లేదు. "ఆయన పెట్టుమంటెనే పెట్టినవని చెప్పు. గది పోతె పోనీ, ఇదే ఊర్ల అమ్రోలిల మా అన్నోళ్ళింట్ల ఉందాం" అంటుంది. తెల్లారితే ఆ గోడలు, ఆ శేఠ్ ముఖం. ఊరికి రాలేను, ఇక్కడ ఉండలేను.

నిన్న కార్తీక్‌ను చూడడానికి పోయాను. తిడతాడనుకున్నాను. కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, "భయ్యా, ఆ పెట్టె మళ్ళీ ఎప్పుడు పెడతారు? మీ మెట్ల మీద కూర్చుని మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడేవాణ్ణి" అని అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. ఆ పెట్టెకు సిగ్నల్ బలం పెంచడానికి తిప్పే మీట ఒకటి ఉంది. సగానికి మించి తిప్పవద్దని అమ్మినవాడు గట్టిగా చెప్పాడు. పెట్టె పెట్టమన్నది శేఠే, నిజమే. మీట పూర్తిగా తిప్పమని మాత్రం ఎవరూ అనలేదు. డాక్టరు ఆపరేషన్ అన్న రోజు నువ్వు ఏడుస్తూ మాట్లాడావు, సగం మాటలు తెగిపోయాయి. ఆ రాత్రే తిప్పాను. తర్వాత నాలుగో రోజు మంటలు.

రేపు విచారణ. శేఠ్ మాటా చెబుతాను, మీట మాటా చెబుతాను. గది పోయినా సరే, ఏ శిక్ష వేసినా సరే. దీవించు. బావకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. ఇదంతా నీ వల్లనే అయిందని మాత్రం అనుకోకు అక్కా. నువ్వు తిప్పమనలేదు, నీ మాట తెగకుండా నేనే వినాలనుకున్నాను.

నీ తమ్ముడు
రాజేశం