మరియమ్మగారు వేసిన మార్కులు

శనివారం రాత్రి

మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ మొదలుపెట్టి ఇది నాలుగో ఏడు. ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ల వ్యాపారం మీద కొల్లేటి లంకల్లో తిరిగి నింపిన ఫారాలు తీస్తే, ఏ ప్రశ్నకి చూసినా ఐదే. ఒకటంటే అస్సలు కాదు, ఐదంటే పూర్తిగా నిజం అని అందరికీ చెప్పాను కూడా. అయినా "సొంతంగా నిర్ణయిస్తాను"కీ ఐదే, "మా ఆయన చెప్పిందే చేస్తాను"కీ ఐదే. మా గైడ్‌గారు చూస్తే అన్నీ పక్కన పడేయమంటారు.

ఇవాళ మా ఊరు గూడెం నుంచి మళ్లీ బస్సెక్కి వెళ్లి, మొదటి ఫారం నింపిన మరియమ్మగారినే అడిగాను, అందరూ అన్నిటికీ ఐదే ఎందుకు చెప్పారని. ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ నవ్వారు.

"మీకు తక్కువ మార్కులెలా వేస్తామండీ? ఇంత ఎండలో పడి వస్తున్నారు. ఐదుకి తగ్గొద్దని చర్చిలో అందరికీ నేనే చెప్పానండీ."

కాలేజీలో నా పిల్లలకి నేనెప్పుడూ ఇంత దయగా మార్కులు వేసిన పాపాన పోలేదు.

మార్కులు నాకు కాదండీ, మీ సంగతి చెప్పండి అని బతిమాలి, కొత్త ఫారం తీసి మొదటినుంచి చదివాను. ఈసారి ఆలోచించి చెప్పారు. "కష్టమొస్తే నాకు తోడుండే మనిషి ఉన్నారు" అని చదివేసరికి ఆవిడ చేతులు ఆగాయి.

"ఒకటండీ."

అంకె వెయ్యకుండా తలెత్తాను. ఆవిడ నా ముఖంలోకి చూశారు.

"పోనీ, రెండేసుకోండి."

రెండే వేసుకున్నాను. ఇప్పుడా ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను, మళ్లీ ఒకటిగా దిద్దడానికి చెయ్యి రావడం లేదు. ఆ రెండు అబద్ధం కాకూడదంటే, వచ్చే శనివారం ఫారాలు లేకుండా, ఊరికే ఆవిడ దగ్గర కూర్చోవడానికి వెళ్లాలి.